వైర్‌ఫ్రేమ్‌కి ఏ టూల్? ఒక తిరుపతి లాడ్జి సైటు గీస్తూ తేల్చుకుందాం

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే ఒక సంగతి కనిపిస్తుంది. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద వాళ్లు నేరుగా కలం పెట్టరు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. కన్ను పక్కకు పోయిందా, చెయ్యి పొడుగైందా, గుడ్డ దులిపి మళ్లీ గీస్తారు. అంతా కుదిరాకే వెదురు కలం చేతిలోకి వస్తుంది. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టి తీసిన రసం కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలితే నల్లగా పట్టేస్తుంది. ఇక ఉతికినా పోదు.

వెబ్‌సైటు పనిలో వైర్‌ఫ్రేమ్ అంటే ఆ బొగ్గు గీతే. రంగులుండవు, ఫొటోలుండవు. ఏది పైన, ఏది కింద, ఏ బటన్ నొక్కితే ఎక్కడికి పోతుంది, అంతవరకే. కోడ్ రాయడం మొదలయ్యాక ఏం మార్చాలన్నా డబ్బు, టైమ్, మాటా మాటా. అందుకే నేను టూల్‌ని దాని ఫీచర్ల జాబితాతో కొలవను. ఎంత తేలిగ్గా గీయొచ్చు అన్నది కూడా రెండో మాటే. ఎంత తేలిగ్గా చెరపొచ్చు అన్నదే మొదటి మాట.

ఇది నాకు పుస్తకాల్లోంచి వచ్చిన తెలివి కాదు. నేను మొదట చేసిన సైట్లలో తిరుపతి లాడ్జి ఒకటుంది. ఓనర్ని మెప్పించాలని మొదటి మీటింగ్‌కే పూర్తి రంగుల డిజైన్ పట్టుకుపోయా. పైన గోపురం ఫొటో, కింద మెరూన్ రంగు పట్టీ. ఆయన చూసి, "బాగుంది సామీ, గోపురం ఇంకొంచెం బంగారు రంగులో రావాల" అన్నాడు. గంటసేపు ఆ బంగారం మీదే నడిచింది. సైటు పెట్టిన వారానికి ఫోన్ వచ్చింది. రాత్రి మూడింటికి బస్సు దిగేవాళ్లంతా ఫోన్ చేసి చెక్‌అవుట్ ఎన్నింటికని అడుగుతున్నారట. అది 24 గంటల చెక్‌అవుట్ లాడ్జి. ఆ లాడ్జికున్న పెద్ద ఆకర్షణే అది. సైటులో ఎక్కడా లేదు. "ఇది ముందే అడిగుండొచ్చు కదా సామీ" అన్నాడు. నిజమే, అడగలేదు. బూడిద రంగు పెట్టెలు చూపించి ఉంటే మాట రంగు మీదికి పోయేదే కాదు.

కాబట్టి ఈ వ్యాసమంతా ఒక ఊహా లాడ్జి గదుల పేజీని గీస్తూ, ఏ టూల్ సరిపోతుందో అడుగడుగునా తేల్చుకుంటూ పోదాం.

మొదటి అడుగు: గీత ఎవరు చూస్తారు?

టూల్ పేర్లు వెతకక ముందే ఒక వాక్యం రాసుకోండి. దీన్ని ఎవరు చూస్తారు, దేంట్లో చూస్తారు, చూసి ఏం తేల్చాలి?

లాడ్జి ఓనరు రిసెప్షన్ కౌంటర్లో నిలబడి, ఒక చేత్తో తాళాలిస్తూ, ఫోన్లో వాట్సాప్ తెరిచి చూస్తాడు. లాగిన్ అడిగితే అక్కడే వదిలేస్తాడు. యాప్ దించుకోమంటే అసలు చూడడు. ఆయనకు పీడీఎఫ్ గానీ, ఒక్క నొక్కుతో తెరుచుకునే లింకు గానీ కావాలి.

అదే చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సైటు అనుకోండి. చూసేది ఎగుమతుల మేనేజరు, ఆఫీసు కంప్యూటర్లో. కొనేవాళ్లు వేరే దేశాల్లో ఉంటారు. తోతాపురి గుజ్జు బ్రిక్స్ (తీపి కొలత) ఎంత, డ్రమ్ముల్లోనా డబ్బాల్లోనా, ఇలా అంతా పట్టికలే. పట్టికలు సులువుగా గీయగలిగే టూల్ కావాలి. యూనివర్సిటీ పిల్లలు నలుగురు కలిసి ప్రాజెక్టు చేస్తుంటే అది మూడో లెక్క. ఒకే ఫైలులో నలుగురూ ఒకేసారి పనిచేయగలగాలి. ఇంటర్నెట్లో కనిపించే "టాప్ 10 టూల్స్" జాబితాలు ఈ ముగ్గురికీ ఒకే సమాధానం చెబుతాయి. అక్కడే తేడా కొడుతుంది.

రెండో అడుగు: రిసెప్షన్లో అరగంట, తర్వాత కాగితం

లాడ్జి సైటైతే రిసెప్షన్లో అరగంట కూర్చుని ఫోన్లలో జనం ఏం అడుగుతున్నారో రాసుకోండి. గది ఖాళీ ఉందా, ఎంత, నలుగురికి సరిపోతుందా, వేడినీళ్లు ఎన్నింటి దాకా వస్తాయి, కారు పెట్టుకోవచ్చా, అలిపిరికి ఎంత దూరం, గది ఖాళీ చేశాక సామాను పెట్టుకోనిస్తారా. ఎక్కువసార్లు అడిగినది పేజీలో పైకి, తక్కువసార్లు అడిగినది కిందికి. పేజీ వరుస దానంతటదే తయారవుతుంది.

ఇప్పుడు ఒక ఏ4 కాగితాన్ని నిలువుగా మధ్యకు మడవండి. 105 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవున్న పట్టీ వస్తుంది. ఫోన్లో కిందికి జరుపుకుంటూ పోయే పేజీ దాదాపు ఇదే ఆకారం. దాని మీద పెన్సిల్‌తో పెట్టెలు గీయండి. పైన లాడ్జి పేరు, దాని కిందే "24 గంటల చెక్‌అవుట్", అలిపిరి దూరం. తర్వాత గదుల పెట్టెలు. ఒక్కోదానిలో ఎంతమందికి, అద్దె, ఏసీనా కాదా. పట్టీ అడుగున కాల్, వాట్సాప్ బటన్లు కదలకుండా.

తిరుపతిలో ఇంకో పెట్టె తప్పకుండా వెయ్యాలి: "ఇది దేవస్థానం వెబ్‌సైటు కాదు. దర్శనం టికెట్లు ఇక్కడ దొరకవు." టీటీడీ పేరుతో నడిచే నకిలీ సైట్ల గురించి దేవస్థానం పలుమార్లు హెచ్చరించింది. నిజాయతీగా నడిచే లాడ్జికి కూడా ఆ అనుమానం అంటుకోకూడదంటే ఈ మాట పేజీలో కనబడేచోట ఉండాలి, అడుగున చీమతలంత అక్షరాల్లో కాదు.

కొన్ని పనులు ఇక్కడితోనే అయిపోతాయి. ఐదు పేజీల చిన్న సైటుకు ఈ పట్టీలను ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే చాలు. సాఫ్ట్‌వేర్ లేకపోతే పని కాదనుకోవద్దు.

మూడో అడుగు: తెలుగు పరీక్ష

చాలామంది ఈ అడుగు దాటేసి, తర్వాత నాలుక్కరుచుకుంటారు. టూల్స్ అన్నీ ఇంగ్లిషు అక్షరాల కొలతలతో తయారైనవే. మన సైటులో ఉండేది తెలుగు. కాబట్టి ఏ టూల్ తెరిచినా మొదట ఒక పెట్టె గీసి అందులో ఇవి టైప్ చేయండి: శ్రీకాళహస్తీశ్వర స్వామి, రాష్ట్రం, లక్ష్మి, స్త్రీలకు, సౌకర్యాలు, జ్యోత్స్న.

చూడాల్సినవి ఇవీ. ఒత్తులు అక్షరం కింద సరిగ్గా కూర్చున్నాయా, విడిపోయి పక్కన పడ్డాయా? రెండు వరుసలు రాస్తే పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయా? పెట్టె అంచు దగ్గర ఒత్తు తెగిపోతోందా? ఇంగ్లిషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు ఇరుకు. నేను అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల నుంచి మొదలుపెట్టి, "స్త్రీ" లాంటి మాటలు ఊపిరి పీల్చుకునేదాకా పెంచుతా. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ మాత్రం తెలుగుకు ముట్టుకోకండి.

రెండో ఇబ్బంది పొడవు. "రూమ్స్" అని ఇంగ్లిషులో రాసిన చోట "గదులు" ఇమిడిపోతుంది. కానీ ఇంగ్లిషులో రెండు చిన్న మాటల "బుక్ నౌ" బటన్ తెలుగులో "గది బుక్ చేసుకోండి" అవుతుంది. తిరుపతికి వచ్చేవాళ్లలో తమిళులు, కన్నడిగులు ఎంతమందో చెప్పక్కర్లేదు. తమిళంలో అదే బటన్ ఇంకా పొడుగు. అందుకే వైర్‌ఫ్రేమ్‌లో లాటిన్ డమ్మీ వాక్యాలు పోయకండి. అసలు మాటలే రాయండి, అన్నిటికంటే పొడుగ్గా వచ్చే భాషలో బటన్ గీయండి.

మూడోది ఫాంటు. బాల్సమిక్, ఎక్స్‌కాలిడ్రా లాంటి టూల్స్ (వీటి సంగతి నాలుగో అడుగులో చెబుతా) చేతిరాత ఫాంటుల్లో తెలుగు లేదు. మన అక్షరాలు కంప్యూటర్లో ఉన్న మామూలు ఫాంటులో పడతాయి. చూడ్డానికి పెళ్లి పందిట్లో ఆఫీసు బట్టలేసుకున్నట్టుంటుంది గానీ పనికి అడ్డం కాదు. ఫిగ్మా, పెన్‌పాట్‌లలో గూగుల్ ఫాంట్స్ అందుబాటులో ఉంటాయి కాబట్టి నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఎంచుకోవచ్చు. అందులో శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒక ఫాంటు ఉంది. శీర్షికకు బాగుంటుంది. ఫోన్లో చిన్న అక్షరాలకు మాత్రం నేను నోటో దాటి పోను.

నాలుగోది మన ఊళ్లకు ప్రత్యేకం. ఓనరు ఇచ్చే సమాచారం తరచుగా పాత కరపత్రం ఫైలు నుంచి వస్తుంది. డీటీపీ షాపులో అను ఫాంటుల్లో కొట్టించింది అయితే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. టూల్‌లో అతికిస్తే తలా తోకా లేని గుర్తులు వస్తాయి. టూల్ పాడైందని హైరానా పడకండి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, అంకెలూ ఒత్తులూ కళ్లతో సరిచూసుకుని అప్పుడు అతికించండి.

చివరగా పీడీఎఫ్‌గా బయటికి తీసి, ఆ పీడీఎఫ్‌ను ఫోన్లో తెరవండి. తెర మీద బాగున్న తెలుగు పీడీఎఫ్‌లో చెదిరిపోవడం నేను చూశాను. అప్పుడు ఆ పేజీని పీఎన్‌జీ బొమ్మగా తీస్తే సరి.

నాలుగో అడుగు: రెండు మూడు టూల్స్‌కు కుదించుకోవడం

నా చేతికి వచ్చిన వరకు చెబుతా. అన్నిటికీ ఒకే మార్కులు వెయ్యను.

ఎక్స్‌కాలిడ్రా: బ్రౌజర్లో తెరిస్తే తెల్ల కాగితం వస్తుంది, లాగిన్ అక్కర్లేదు. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. గీతలు చేత్తో గీసినట్టు వంకరగా వస్తాయి. ఆ వంకరే దాని బలం. చూసినవాడికి ఇది ఇంకా అయిపోలేదని చెప్పకనే తెలుస్తుంది. ఓనరు నోరు విప్పి "ఇది పైకి తీయి" అంటాడు. అదే గీత నున్నగా ఉంటే మొహమాటపడి "బాగుంది" అనేస్తాడు. ఒక్క పేజీ, రెండు పేజీల పనికి నేను దీన్నే ముందు తెరుస్తా. ఇరవై పేజీలు దాటితే దీనితో గందరగోళమే.

డ్రా డాట్ ఐఓ: ఫ్లోచార్టులకు పేరున్నది గానీ ఇందులో బటన్లు, ఫారాలు, మెనూల ఆకారాల గంప కూడా ఉంది. ఉచితం. కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఫైలు మన డిస్కులోనే ఉంటుంది. అందం తక్కువ. గుజ్జు ఫ్యాక్టరీ లాంటి పట్టికల సైటుకు, ఏ పేజీ నుంచి ఏ పేజీకి దారి అని చూపే పటానికి దీన్ని మించింది నాకు దొరకలేదు.

బాల్సమిక్: 2008 నుంచి ఉంది. వైర్‌ఫ్రేమ్ కోసమే పుట్టిన టూల్ కాబట్టి రంగుల జోలికి పెద్దగా పోనివ్వదు. రెడీమేడ్ పెట్టెలు లాక్కొచ్చి వేయడమే. డబ్బు కట్టాలి. నెలనెలా ఇదే పని ఉన్నవాళ్లకు ఆ డబ్బు వచ్చేస్తుంది. ఏడాదికి రెండు సైట్లు చేసేవాళ్లకు అక్కర్లేదు.

ఫిగ్మా: 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చాక ఇదే రాజ్యమేలుతోంది. బ్రౌజర్లో నడుస్తుంది, నలుగురు ఒకేసారి గీయొచ్చు, చూసేవాళ్లకు లింకు పంపితే చాలు. ఆటో లేఅవుట్ పెడితే ఒక పెట్టె పైకి జరిపితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ఉద్యోగం వెతికే పిల్లలు నేర్చుకోవాల్సింది ఇదే, అందులో సందేహం లేదు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే, ఇది మనల్ని ఊరికే కూర్చోనివ్వదు. నీడ వేద్దామా, అంచు గుండ్రంగా చేద్దామా అని చెయ్యి దురద పెడుతుంది. గంట గడిచాక చూస్తే పేజీ వరుస తేలదు గానీ బటన్ మాత్రం మెరుస్తుంటుంది. మూడు బూడిద రంగులు, ఒకే ఫాంటు అని మీకు మీరే గీత గీసుకుని మొదలుపెట్టండి.

పెన్‌పాట్: ఫిగ్మా లాంటిదే, ఓపెన్ సోర్స్. కావాలంటే సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. క్లయింటు వివరాలు బయటి సర్వర్లో ఉండకూడదనే సంస్థలకు ఇది మంచి దారి. పెట్టెలను సర్దే ఫ్లెక్స్, గ్రిడ్ లేఅవుట్లు సీఎస్ఎస్ (వెబ్‌పేజీ రూపాన్ని రాసే భాష) పద్ధతిలోనే ఉంటాయి కాబట్టి కోడ్ రాసేవాళ్లకు చప్పున అర్థమవుతుంది.

మిగతావి క్లుప్తంగా. స్కెచ్ మ్యాక్ ఉన్నవాళ్లకే. ఆక్జూర్ "ఇది ఎంచుకుంటే అది చూపించు" లాంటి షరతులున్న పెద్ద ఫారాలకు. లాడ్జి పేజీకి దాన్ని తేవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. గూగుల్ స్లైడ్స్‌తో కూడా పని నడుస్తుంది, కానీ ఒక పెట్టె జరిపితే పన్నెండు పెట్టెలు చేత్తో జరపాలి. ఒక వాక్యం చెబితే పేజీ మొత్తం గీసిచ్చే ఏఐ టూల్స్ మీద నాకు కొంచెం గుర్రు. అవి తెచ్చే పేజీ నున్నగా ఉంటుంది, ఏది ఎందుకు పైన పెట్టిందో చెప్పదు. మనం తేల్చాల్సింది సరిగ్గా అదే.

ఐదో అడుగు: గంట పందెం

మీ పనికి సరిపోయేవి రెండు టూల్స్ మిగిలాయనుకోండి. యూట్యూబ్‌లో పోలిక వీడియోలు చూడొద్దు. అదే గదుల పేజీని రెండిటిలోనూ గీయండి. ఒక్కోదానికి ఒక గంట, ఫోన్లో టైమర్ పెట్టుకుని.

మొదటి ఇరవై నిమిషాలు గీయడం. ఫ్రేమ్ వెడల్పు 360 పిక్సెల్స్. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిని బ్రౌజర్ ఈ వెడల్పుగా, లేదా దీనికి కాస్త అటూ ఇటూగా లెక్కపెడుతుంది. వేలితో నొక్కే బటన్లు ఎత్తు 48 పిక్సెల్స్‌కు తగ్గనివ్వకండి. రాత్రి మూడింటికి, ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో పిల్లాడు ఉన్న మనిషి నొక్కాలి మరి.

తర్వాతి పదిహేను నిమిషాలే అసలు పరీక్ష. ఓనరు అడిగినట్టే మార్పులు చేయండి. అద్దెను ఫొటో పైకి తేవాలి. నాలుగు గదుల పెట్టెల్లోనూ "వేడినీళ్లు" అనే వరుస చేర్చాలి. ఒక గది రకాన్ని తీసేయాలి. నాలుగు పెట్టెలూ ఒకే మూల పెట్టెకు కాపీలైతే ఒక్కచోట మారిస్తే నాలుగూ మారతాయి. ఫిగ్మాలో వీటిని కాంపోనెంట్లంటారు, బాల్సమిక్‌లో సింబల్స్. ఆ సదుపాయం లేనిచోట నాలుగుసార్లు చేయాలి. గడియారం చూసుకోండి. నాకు ఒకసారి ఈ మూడు మార్పులకు ఒక టూల్‌లో నాలుగు నిమిషాలు పడితే, ఇంకోదాంట్లో పదమూడు పట్టింది. గీసేటప్పుడు రెండూ ఒకేలా అనిపించాయి.

ఇంకో పదిహేను నిమిషాల్లో అదే పేజీని 1366 పిక్సెల్స్ వెడల్పుకు మార్చండి, ల్యాప్‌టాప్ కోసం. చివరి పది నిమిషాలు పంపడం. లింకు తీసి ఇంట్లో ఎవరికైనా వాట్సాప్ చేయండి. మొబైల్ డేటా మీద, వాళ్ల ఫోన్లో, మీరు పక్కన నిలబడి సాయం చేయకుండా తెరుచుకోవాలి. మా అమ్మ ఫోన్లో తెరుచుకోనిది లాడ్జి ఓనరుకు పంపను.

ఆరో అడుగు: బయటికి దారి, జేబు లెక్క

ఏ టూలూ శాశ్వతం కాదు. ఇన్‌విజన్ ఒకప్పుడు డిజైనర్లందరి నోట్లో నానిన పేరు. 2024 చివర మూతపడింది. అడోబీ ఎక్స్‌డీని 2023 నుంచి విడిగా అమ్మడం మానేశారు. ఫిగ్మాను అడోబీ 2,000 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2022లో ప్రకటించి, 2023 డిసెంబరులో విరమించుకుంది. కాబట్టి మొదటి రోజే ఫైలును బయటికి తీసి చూడండి. డ్రా డాట్ ఐఓ, ఎక్స్‌కాలిడ్రా ఫైళ్లు మామూలు టెక్స్ట్ రూపంలోనే ఉంటాయి. ఫిగ్మా ఫైలును కంప్యూటర్లో దాచుకోవచ్చు గానీ దాన్ని చాలావరకు మళ్లీ ఫిగ్మాలోనే తెరవాలి. అందుకని ప్రతి పని చివరా పీడీఎఫ్ ఒకటి, ఎస్‌వీజీ (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైలు) ఒకటి తీసి మీ డిస్కులో పెట్టుకోండి.

డబ్బు సంగతికొస్తే, పెద్ద టూల్స్ చాలావరకు మనిషికి నెలకు ఇంత అని డాలర్లలో వసూలు చేస్తాయి. నెల ధర చూసి చిన్నదే కదా అనుకుంటాం. పన్నెండు నెలలు, ముగ్గురు ఎడిటర్లు, పైన పన్ను వేసుకుంటే తడిసి మోపెడవుతుంది. గీసేవాళ్లకే సీటు (డబ్బు కట్టే ఖాతా) కొనండి, చూసేవాళ్లకు లింకు చాలు. కార్డు ఇచ్చే ముందు ఉచిత ప్లాన్‌లో ఒక పని మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేయండి. ఎక్కడ ఆగిపోయారో, ఆ ఒక్క సదుపాయం కోసమే డబ్బు కట్టండి.

ఏడో అడుగు: చూపించి, రాయించుకోవడం

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, తెలుగు ఒత్తులు అలికినట్టవుతాయి. ఫైలు పేరులో లాడ్జి పేరు, తేదీ, ఎన్నోసారి అన్న అంకె ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని పెట్టుకుంటే వారం తిరిగేసరికి ఏది ఏదో మీకే తెలియదు.

"ఈ బూడిద రంగేంది సామీ?" అని అడుగుతారు. అడగకముందే చెప్పేయండి: "అన్నా, రంగులు తర్వాత వస్తాయి. ఇప్పుడు వరుస ఒక్కటే చూడండి. ఇందులో లేని మాట ఏదైనా జనం మిమ్మల్ని ఫోన్లో అడుగుతారా?" ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడల్లా ఏదో ఒకటి బయటపడుతుంది. ఒకసారి లిఫ్ట్ లేదన్న సంగతి ఇలాగే బయటపడింది. మూడో అంతస్తు దాకా ముసలివాళ్లు ఎక్కాలి మరి, అది గది పెట్టెలోనే చెప్పాలి.

మార్పులు అక్కడికక్కడే, ఆయన చూస్తుండగానే చేయండి. గంట పందెంలో గెలిచిన టూల్ అయితే అది నాలుగు నిమిషాల పని. తర్వాత కొత్త పీడీఎఫ్ పంపి, దాని కిందే "ఈ వరుస సరే" అని మెసేజ్ పెట్టమనండి. ఫోన్లో "సరేలే సామీ" అన్నది లెక్కలోకి రాదు. ఆ మెసేజ్‌కు స్టార్ పెట్టుకుని, అప్పుడు కోడ్ ఎడిటర్ తెరవండి.